రొమాన్స్: ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

నిజామీ గంజవీ రచించిన లైలా–మజ్నూ కావ్యానికి రుడాల్ఫ్ గెల్ప్‌కె చేసిన వచనానువాదం గురించి రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే కలం ఆగిపోయింది. ఆంగ్ల విమర్శకులు ఈ కావ్యాన్ని ‘రొమాన్స్’ అంటారు. దాన్ని తెలుగులో ఏమనాలి? ‘ప్రేమకథ’ అంటే ఇరుకైపోతుంది. ‘శృంగార కావ్యం’ అంటే అబద్ధమే అవుతుంది, ఎందుకంటే ఇందులో నాయికానాయకులకు వియోగమే తప్ప సంయోగం లేదు. ‘కాల్పనిక కావ్యం’ అందామంటే, కాల్పనికం కాని కావ్యం ఎక్కడుంది? సమీక్షను పక్కన పెట్టి ఆ మాట వెంటపడ్డాను. ఈ వ్యాసం ఆ వెతుకులాట ఫలితం.

వైద్యకళాశాల రోజుల్లో మా మిత్రుడొకడు రొమాన్స్ అన్నది మన ‘రోమాంచం’ నుంచే పుట్టిందని గట్టిగా వాదించేవాడు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో అంత తప్పు అది. రోమం అంటే వెంట్రుక. వెంట్రుక మొదట్లో ఉండే సన్నని కండరం నాడుల ఆజ్ఞకు బిగుసుకుంటే రోమం నిక్కబొడుచుకుంటుంది. చలికీ, భయానికీ, మంచి పాటకూ శరీరం చూపే స్పందన అదే. భరతుడు దాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా లెక్కించాడు. రొమాన్స్ పుట్టింది మాత్రం శరీరంలో కాదు. దాని మూలం ఒక ఊరు.

పల్లెటూరి రోము భాష

ఆ ఊరు రోము. ఆ పేరు ఎంత దూరం ప్రయాణించిందో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో చెప్పిన ఐదు జ్యోతిష సిద్ధాంతాల్లో ఒకటి ‘రోమక సిద్ధాంతం’. అరబ్బులు తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ‘రూమ్’ అన్నారు. ఖురాన్‌లో 30వ అధ్యాయం పేరు కూడా అదే. ఆ సామ్రాజ్యం ఏలిన అనటోలియాలో స్థిరపడినందుకు జలాలుద్దీన్ అనే పారసీక కవి ‘రూమీ’ అయ్యాడు. రూమీకీ రొమాన్స్‌కూ ఉన్న చుట్టరికం ప్రేమ వల్ల ఏర్పడింది కాదు, ఊరి పేరు వల్ల ఏర్పడింది.

లాటిన్‌లో ‘రొమానికె’ అంటే ‘రోము వారి రీతిలో’ అని అర్థం. సామ్రాజ్యం కూలిన తరువాత పశ్చిమ ఐరోపాలో ఈ మాటకు ఒక ప్రత్యేకార్థం ఏర్పడింది. గురువు దగ్గర కూర్చుని వ్యాకరణం వల్లించి నేర్చుకునేది లాటిన్. తల్లి ఒడిలో, సంతలో, పొలంలో తానుగా అబ్బేది ‘రొమానికె’ మాట్లాడే మాట. రెండూ ఒకే తల్లి బిడ్డలే అయినా ఒకటి బడికి వెళ్లింది, మరొకటి వెళ్లలేదు.

క్రీ.శ. 813లో ఫ్రాన్స్‌లోని తూర్ పట్టణంలో మతాధిపతుల సభ జరిగింది. ప్రార్థనాలయాల్లో లాటిన్‌లో చేసే ప్రసంగాలు జనానికి అర్థం కావడం లేదని గ్రహించిన ఆ సభ, వాటిని ‘పల్లెటూరి రోము భాష’లోకి గానీ జర్మన్ జనభాషలోకి గానీ మార్చి చెప్పాలని తీర్మానించింది. ‘లాటిన్ వేరు, జనం మాట్లాడేది వేరు’ అని అధికారికంగా ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. ‘పల్లెటూరి’ అనే అర్థంలో వారు వాడిన విశేషణం ‘రుస్తిక’. ఈ విశేషణంతో మనకు మళ్లీ పని పడుతుంది.

మరో 29 ఏళ్లకు, 842లో, స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఇద్దరు రాజసోదరులు తమ అన్న లోథర్‌కు వ్యతిరేకంగా ఒడంబడిక చేసుకున్నారు. జర్మన్ ప్రాంతాలను ఏలే లూయీ, తమ్ముడు చార్ల్స్ సైనికులకు అర్థం కావాలని రోము జనభాషలో ప్రమాణం చేశాడు. చార్ల్స్ జర్మన్‌లో చేశాడు. నిథార్డ్ అనే చరిత్రకారుడు ఆ ప్రమాణాలను యథాతథంగా రాసిపెట్టాడు. ఫ్రెంచి భాషకు మనకు దక్కిన తొలి రూపం అదే. ఆ రోజు ఫిబ్రవరి 14! నేడు లోకమంతా రొమాన్స్ పేరిట ఎర్రగులాబీలు కొనే తేదీ. ఆ ప్రమాణాల్లో ప్రేమలాంటిది ఏదైనా ఉందంటే, అది అన్నను ఓడించడానికి తమ్ముళ్లు కూడగట్టుకున్న ప్రేమ మాత్రమే.

తెనిగించడం లాంటి పని

రొమాన్స్ అప్పటికి ఒక భాష పేరు. అది పుస్తకం పేరుగా మారిన తీరు తెలుగువాడికి సులువుగా అర్థమవుతుంది. ప్రాచీన ఫ్రెంచిలో ‘ఎన్‌రొమాన్సియే’ అనే క్రియ ఉండేది. లాటిన్ గ్రంథాన్ని రొమాన్స్‌లోకి తేవడం అని దాని అర్థం. మన ‘తెనిగించడం’ అచ్చంగా ఇలాంటి మాటే. రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. సుమారు నూరేళ్లకు, 12వ శతాబ్దం నడుమ, ఫ్రెంచి కవులు థీబ్స్ కథను, ట్రాయ్ యుద్ధాన్ని, వర్జిల్ ఈనియడ్‌ను తమ జనభాషలోకి తెచ్చారు. 1155లో వాస్ అనే కవి బ్రిటన్ రాజుల గాథను ఇలాగే రాశాడు. ‘రొమాన్స్‌లోకి తెచ్చిన గ్రంథం’ అని పిలవగా పిలవగా ఆ గ్రంథమే ‘రొమాన్స్’ అయింది. మనవాళ్లు ఏదో ఒక కావ్యాన్ని ‘తెనుగు’ అని పిలవడం మొదలుపెట్టి, చివరికి ‘తెనుగు’ అంటే కథ అని అర్థం స్థిరపడితే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట.

అయితే కథ అన్న అర్థంలోకి ప్రేమ ఎలా వచ్చింది? దీనికి నాకు దొరికిన చక్కని ఉదాహరణ ఈనియడ్‌దే. వర్జిల్ మహాకావ్యంలో ఈనియస్ పెళ్లాడబోయే లవీనియా ఒక్క మాటైనా మాట్లాడదు. ఒకచోట సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడుతుంది, అంతే. 1160 ప్రాంతంలో పేరు తెలియని ఫ్రెంచి కవి ఆ కథను రొమాన్స్‌లోకి తెచ్చినప్పుడు లవీనియాకు నోరొచ్చింది. ప్రేమంటే ఏమిటని తల్లిని అడుగుతుంది. అదొక జ్వరం లాంటిదని తల్లి లక్షణాలు వర్ణిస్తుంది. కోట కిటికీలోంచి ఈనియస్‌ను చూసిన క్షణం నుంచి ఆ లక్షణాలన్నీ ఆమెకు అనుభవంలోకి వస్తాయి. నిద్రలేని రాత్రి, చెమట, వణుకు, తనతో తాను వాదించుకోవడం. లాటిన్ మూలంలో లేని ఈ ఘట్టం రొమాన్స్‌లో వందల పంక్తులు ఆక్రమించింది.

కారణం శ్రోతలు. లాటిన్ చదివేవాళ్లు మఠాల్లో మగవాళ్లు. రొమాన్స్ వినేవాళ్లు కోటల్లోని ప్రభువులూ, వారికంటే ముఖ్యంగా లాటిన్ రాని స్త్రీలూ. మేరీ ద షాంపేన్ అనే ప్రభువనిత కోరికపైనే తాను లాన్స్‌లాట్ కథను చేపట్టానని క్రెతియాఁ ద త్రవా చెప్పుకొన్నాడు. వినేవారు మారినప్పుడు, ఇంతకాలం మూగగా ఉన్న పాత్రలు మాట్లాడతాయి. మరో నూటపాతికేళ్ల తరువాత దాంతే తన నరకలోకంలో పావులో, ఫ్రాంచెస్కాలను చూపిస్తాడు. వారు కలిసి చదువుతూ దారి తప్పింది ఆ లాన్స్‌లాట్ కథనే. రొమాన్స్ చదివి ప్రేమలో పడే జంట అప్పటికే సాహిత్యంలోకి వచ్చేసింది. జనభాష గొప్పతనాన్ని పండితులకు నచ్చచెప్పడానికి ఆ దాంతేయే ఒక గ్రంథం రాశాడు. పండితులు చదవాలి కనుక దాన్ని లాటిన్‌లో రాశాడు!

అరబ్బుల వాకిట్లో

ఇన్నేళ్లుగా అరబ్బుల నేలపై ఉద్యోగం చేస్తున్నందుకేమో, ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించిన పుట స్పెయిన్‌ది. ముస్లిం పాలనలోని అందలూసియాలో ‘మువష్షహ్’ అనే గేయప్రక్రియ ఉండేది. గేయమంతా గ్రాంథిక అరబ్బీలోనో హీబ్రూలోనో సాగి, ‘ఖర్జా’ అనే చివరి పాదాలకు వచ్చేసరికి జనభాషలోకి దిగుతుంది. కొన్ని ఖర్జాల్లో ఆ జనభాష అక్కడి రొమాన్స్, కాని లిపి అరబ్బీయో హీబ్రూయో. 1948లో శామ్యూల్ స్టెర్న్ ఈ సంగతిని బయటపెట్టినప్పుడు పాశ్చాత్య సాహిత్య చరిత్రకారులు ఉలిక్కిపడ్డారు. అవి ఏ రొమాన్స్ భాషలోనైనా మనకు దక్కిన తొలి ప్రేమగీతాల్లో కొన్ని. అచ్చులు సరిగా రాయని లిపి కావడంతో వాటి పాఠాలపై వివాదాలు ఇంకా తెగలేదు. స్వరం మాత్రం స్పష్టంగానే వినిపిస్తుంది. తరచుగా అది ఒక ఆడపిల్ల గొంతు. ‘హబీబ్’ రాలేదని తల్లితో మొరపెట్టుకుంటుంది. పండితుడు పైనంతా గ్రాంథికంలో బిగించి, మనసు విప్పాల్సిన చోటికి వచ్చేసరికి ఆ పిల్ల భాషను అరువు తెచ్చుకున్నాడు.

ఈ ఋణాన్ని పాశ్చాత్యులు ఎంతకాలం మరచిపోయారో మరియా రోసా మెనొకాల్ 1987లో వెలువరించిన తన పుస్తకంలో వాదించారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ‘త్రుబదూర్’ కవుల పేరుకే అరబ్బీ ‘తరబ్’ మూలమని కొందరి ప్రతిపాదన. చాలామంది ఒప్పుకోరు. తరబ్ అంటే పాట విన్నప్పుడు కలిగే పరవశం. మా మిత్రుడు వెతికిన రోమాంచం అరబ్బీలో దొరికిందని వాడికి చెప్పాలి.

కార్డోబాలో పుట్టిన ఇబ్న్ హజ్మ్ (994–1064) ‘పావురపు కంఠహారం’ అనే పుస్తకంలో ప్రేమ లక్షణాలను వైద్యుడిలా వరసపెట్టాడు. చూపు తిప్పుకోలేకపోవడం, కృశించడం, నిద్ర పట్టకపోవడం. అదే కాలంలో తూర్పున ఇబ్న్ సీనా తన వైద్యశాస్త్ర గ్రంథంలో ‘ఇష్క్’ను శిరోవ్యాధుల మధ్య చేర్చాడు. రోగి మనసులో ఎవరున్నారో కనిపెట్టే పద్ధతి కూడా చెప్పాడు. నాడి పట్టుకుని ఒక్కొక్క పేరే పలకాలి, ఏ పేరు దగ్గర నాడి తడబడితే ఆ పేరే జబ్బు. చికిత్సల్లో ధర్మబద్ధంగా ఆ ఇద్దరినీ కలపడం ఒకటి. ఈ పద్ధతికి తాత గేలన్. ఒక నర్తకుడి పేరు వినగానే ఒక స్త్రీ నాడి చెదిరిపోవడం ఆయన గమనించాడు. అది జరిగిందీ రోము నగరంలోనే. ఇబ్న్ సీనా గ్రంథం 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తొలేదోలో లాటిన్‌లోకి మారింది. లవీనియా తల్లి చెప్పిన జ్వరలక్షణాలు ఆ కాలపు గాలిలోనే ఉన్నాయన్నమాట.

నేనుంటున్న కతార్‌లోనూ ఈ రెండు భాషల కథ ఉంది. గ్రాంథిక అరబ్బీ ‘ఫుస్‌హా’. ఎడారి తెగల వాడుక మాటల్లో అల్లే కవిత్వం ‘నబతీ’. పురాతన నబతీయుల పేరు దానికి అంటుకున్నది ‘అది శుద్ధమైన అరబ్బీ కాదు’ అనే అర్థంలోనే అంటారు. ఐరోపా తన జనభాషకు రోము పేరు పెట్టినట్టు, వీరు తమ జనభాషా కవిత్వానికి మరో జాతి పేరు పెట్టారు. ఈ దేశానికి పునాదివేసిన షేక్ జాసిమ్ బిన్ మొహమ్మద్ అల్ థానీ నబతీ కవి. ఆయన 1878లో పగ్గాలు చేపట్టిన డిసెంబరు 18ని ఇక్కడ జాతీయ దినోత్సవంగా జరుపుకుంటారు. ఆ వేడుకల నినాదాలు కొన్ని ఆయన పద్యాల నుంచే తీసుకున్నవి. వ్యాకరణానికి తలవంచని భాష వీధివీధినా జెండాలపై రెపరెపలాడుతుంది.

గుణాఢ్యుడి మంట

మరి మన దక్కనులో? ఇక్కడ భాషకూ ప్రేమకూ మధ్య ఉన్న ముడిని విప్పి చూపించే కథ ఐరోపా కంటే మనకే ముందు ఉంది. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన గుణాఢ్యుడి వృత్తాంతం అది. మనకు తెలిసినదే అయినా ఈ వెలుగులో మరొకసారి చూద్దాం.

సాతవాహన రాజు రాణులతో జలక్రీడలాడుతున్నాడు. అలసిన రాణి సంస్కృతంలో ‘నీళ్లతో కొట్టవద్దు’ అంది. ‘మా’, ‘ఉదకైః’ అన్న రెండు పదాలు సంధిలో ‘మోదకైః’ అయ్యాయి. రాజుకు సంధి తెలియక మోదకాలు తెప్పించాడు. రాణి నవ్వింది. ప్రణయవేళ వ్యాకరణం ముందు ఓడిపోయిన రాజు సిగ్గుతో కుంగి సంస్కృతం నేర్పమన్నాడు. ఆరేళ్లలో నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు, ఆరునెలలు చాలన్నాడు శర్వవర్మ. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కట్టి ఓడిపోయాడు. మిగిలింది ఎవరూ లెక్కచేయని పైశాచి. అడవిలో సిరా లేక తన రక్తంతో, ఆ పైశాచిలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. ఆ భాషను చూసి రాజు గ్రంథాన్ని తిప్పికొట్టాడు.

గుణాఢ్యుడు మంట రాజేసి, ఒక్కొక్క పత్రం మృగాలకూ పక్షులకూ చదివి వినిపిస్తూ మంటలో వేయసాగాడు. తరువాతి ఘట్టమే వైద్యుడిగా నాకు ప్రియమైనది. రాజుకు జబ్బు చేసింది. సారం లేని ఎండు మాంసమే కారణమని వైద్యులు తేల్చారు. వంటవాళ్లు వేటగాళ్లను అడిగారు. అడవిలో ఎవరో కథ చదువుతున్నాడు, మృగాలు మేత మాని కన్నీళ్లతో వింటున్నాయి, అందుకే చిక్కిపోయాయి అన్నారు వాళ్లు. రాజు పరుగున వెళ్లేసరికి లక్ష శ్లోకాలు మిగిలాయి. అది నరవాహనదత్తుడి కథ. ప్రేమలూ సాహసాలూ విద్యాధరులూ నిండిన, ఐరోపావారు రొమాన్స్ అని పిలిచే ప్రతి లక్షణమూ ఉన్న కథ.

చరిత్రగా దీన్ని నమ్మనక్కరలేదు. కాని ఏ భాష పనికిరాదని రాజు తిప్పికొట్టాడో ఆ భాషలోని కథ అందక దేశం జబ్బుపడిందన్న ఊహ ఎంత గొప్పది!

ఆ సాతవాహనుల పేరుతోనే మరొక గ్రంథం ఉంది. హాలుడు కూర్చాడనే గాథాసప్తశతి. మహారాష్ట్రీ ప్రాకృతంలోని ఆ ఏడువందల గాథల్లో రైతు ఇంటి కోడళ్లు, బాటసారులు, కాపలా పొలాల్లో ఎదురుచూసే ప్రియురాళ్లు మాట్లాడతారు. ‘అత్త’, ‘పొట్ట’ వంటి మన మాటలు అందులో కనిపిస్తాయని పండితులు చూపించారు. యౌవనంలో తాను శాలివాహన సప్తశతిని తెనిగించానని శ్రీనాథుడు చెప్పుకొన్నాడు. ఆ తెనుగు మనకు దక్కలేదు.

శతాబ్దాల తరువాత గోల్కొండలో అదే మళ్లీ జరిగింది. దర్బారు భాష పారసీకమే అయినా 1609లో ముల్లా వజ్హీ ‘కుతుబ్ ముష్తరీ’ ప్రేమగాథను, 1635లో ‘సబ్‌రస్’ వచనగ్రంథాన్ని దక్కనీలో రాశాడు. దానికి ముందే ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో పొన్నెగంటి తెలగన సంస్కృత పదాలు లేకుండా అచ్చతెలుగులో యయాతి చరిత్ర రచించి అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. దేవయాని, శర్మిష్ఠల ప్రణయ వృత్తాంతం అచ్చతెలుగులో, కృతిభర్త ఒక ముస్లిం అధికారి. ‘రొమాన్స్’ అన్న మాటకున్న పాత అర్థమూ కొత్త అర్థమూ ఒకే పుస్తకంలో కలవడానికి ఇంతకంటే ఏం కావాలి?

పుస్తకాల మంట, నవల పుట్టుక

గుణాఢ్యుడు తన పుస్తకాన్ని తానే తగలబెట్టుకున్నాడు. లా మాంచాలో ఆ పని పురోహితుడూ మంగలీ చేశారు. 1605లో వచ్చిన డాన్ కిహోటే కథానాయకుడు వీరగాథలు చదివి చదివి మతి చెడిన పెద్దమనిషి. ఆయన గ్రంథాలయాన్ని పరీక్షించి చాలా పుస్తకాలను మంటకు అప్పగించే అధ్యాయం ప్రసిద్ధమే. అంతగా గుర్తుండనిది తొమ్మిదో అధ్యాయం. కథ మధ్యలో ఆగిపోయిందని, మిగతాది తొలేదో బజారులో ఒక కుర్రవాడు అమ్ముతున్న అరబ్బీ కాగితాల్లో తనకు దొరికిందని సెర్వాంటెస్ అంటాడు. ఎండుద్రాక్షా గోధుమలూ కూలిగా ఇచ్చి ఒక మోరిస్కో చేత అనువాదం చేయించాడట. అదంతా చమత్కారమే. అయినా రొమాన్స్‌ను ఆటపట్టించడానికి పుట్టిన గ్రంథం తన మూలం అరబ్బీలో ఉందని చెప్పుకోవడంలో నాకు ఒక చారిత్రక సత్యం కనిపిస్తుంది.

ఆ తరువాత దారులు చీలాయి. ఫ్రెంచివారు పాత ‘రొమాన్జ్’ చివరి అక్షరాన్ని విభక్తి ప్రత్యయమని పొరబడి తొలగించి ‘రొమాఁ’ చేసుకున్నారు. ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ రష్యన్‌లోనూ నేటికీ నవలకు అదే పేరు. స్పానిష్‌లో రొమాన్స్ అంటే గాథాగేయం. ఇంగ్లీషువారు మాత్రం ఇటాలియన్ నుంచి ‘నావెల్’ తెచ్చుకుని రెండింటికీ మధ్య గోడ కట్టారు. 1785లో క్లారా రీవ్ ఆ గోడను స్పష్టంగా గీసింది. జరగనివీ జరగబోనివీ ఉదాత్తంగా వర్ణించేది రొమాన్స్, మన కాలపు నిజజీవితాన్ని చూపేది నావెల్ అన్నది ఆమె విభజన సారాంశం.

మనం ఇంగ్లీషువారి ద్వారా లోకాన్ని చూసినవాళ్లం గనక మనకు వచ్చింది నావెలే. కందుకూరి వీరేశలింగం వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రను 1878లో ప్రారంభించారు. షేక్ జాసిమ్ గద్దెనెక్కిన సంవత్సరమే అది! వీరేశలింగం దాన్ని ‘వచన ప్రబంధం’ అన్నారు. దాన్ని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడిన ‘నవల’ స్థిరపడింది. తెలుగులో ‘నవల’కు స్త్రీ అనే అర్థం అంతకు ముందే ఉండటం చక్కని యాదృచ్ఛికం. రొమాన్స్ పుట్టుకకు కారణమైన శ్రోతల పేరే మన ప్రక్రియకు దక్కింది.

రుస్తిక, గ్రామ్యం

రొమాన్స్‌లో కనిపించే వింత ప్రకృతిని, శిథిలాలను, ఆవేశాలను ఇంగ్లీషువారు 17వ శతాబ్దం నుంచే ‘రొమాంటిక్’ అనసాగారు. 1798లో జర్మనీలో ఫ్రెడ్రిక్ ష్లెగెల్ ఆ విశేషణాన్ని ఒక కవిత్వాదర్శంగా ఎత్తిపట్టాడు. వైద్యులకు ఇష్టుడైన కీట్స్ 1816లో ఔషధవైద్యుడిగా అర్హత పొంది, ఆ వృత్తి వదిలి, 1818లో తన ఎండిమియన్‌ను ‘కావ్యరూప రొమాన్స్’ అని పిలిచాడు. 1821లో క్షయతో కన్నుమూసింది రోములోనే.

ఈ ఉద్యమం మనదాకా వచ్చేసరికి ‘కాల్పనికోద్యమం’ అయింది, కవిత్వంలో ‘భావకవిత్వం’ అయింది. రాయప్రోలు, కృష్ణశాస్త్రి మనకు ఆ పేర్లతోనే గుర్తు. రెండూ మంచి పేర్లే. కాని మూలపదంలోని మొదటి అర్థం వాటిలో జారిపోయింది. ఆ అర్థం తెలుగులో బతికింది మరోచోట. వాడుక భాషను పండితులు ఏమన్నారు? ‘గ్రామ్యం’ అన్నారు. తూర్ సభ వాడిన ‘రుస్తిక’కు ఇంతకంటే కచ్చితమైన అనువాదం లేదు. ఆ గ్రామ్యం కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి, 1897 నాటి కన్యాశుల్కంలో దానికి రంగస్థలం కట్టిన గురజాడ అప్పారావు, ఈ మాట తొలి అర్థంలో మన అసలైన రొమాంటిక్కులు.

ఇక చివరి మలుపు. 20వ శతాబ్దంలో రొమాన్స్ అంటే ప్రేమవ్యవహారమనీ, ప్రేమకథల చౌక నవల అనీ అర్థం కుదించుకుపోయింది. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ సంస్థ దానికి కొండగుర్తు అయింది. మనవద్ద యద్దనపూడి సులోచనారాణి నవలలను ఆడవాళ్ల కాలక్షేపమని చిన్నచూపు చూసిన వాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, ఆ చిన్నచూపు ఎంత పాతదో తెలుస్తుంది. లాటిన్ రాని ఆడవాళ్లు వినే కథలని మఠాల్లోని మగవాళ్లు అనుకున్నదే నేనూ అన్నాను.

నాడి చెప్పిన మాట

సమీక్ష ఆగిపోయి ఉన్న రోజుల్లోనే వార్డులో ఒక రోగి ఉండేవాడు. భవన నిర్మాణంలో పనిచేసే నడివయసు మనిషి. ఛాతీ నొప్పితో వచ్చాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇక్కడి అలవాటు ప్రకారం అందరమూ హిందీలో పలకరించాం. ఎక్కడ అంటే ఛాతీ మీద చేయి పెట్టి ‘దర్ద్’ అన్నాడు. ఎప్పుడు, ఎంతసేపు అంటే ‘కభీ కభీ’ అన్నాడు. పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలలేదు. మర్నాడు పంపించేద్దామనుకున్నాం.

సాయంత్రం రౌండ్సులో నేను పక్క మంచం దగ్గర ఉండగా అతని ఫోను మోగింది. తెర మీద ఒక స్త్రీ ముఖం. తలపక్కనున్న మానిటర్‌లో 74 ఉన్న అంకె చూస్తుండగానే 112 దాటింది. కేరళ నర్సు ఆదుర్దాగా వచ్చింది. నాకు ఇబ్న్ సీనా గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాని మరుక్షణం వినబడిన మాటలకు ఆ నవ్వు ఆగిపోయింది.

“నేను మంచిగనే ఉన్న. ఫికర్ జెయ్యకు. నువ్వు తిన్నవా?”

అన్ని రోజులూ నేను అతనితో హిందీలో మాట్లాడుతున్నాను.

అతను ఫోను పెట్టేశాక వెళ్లి తెలుగులో పలకరించాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. “మీది గూడ మన దిక్కేనా సార్?” అన్నాడు. ఆ తరువాత ‘దర్ద్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టిన మనిషి పావుగంటసేపు చెప్పాడు. ఇటుకలు మోస్తూ మెట్లెక్కితే గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటుందని, ఆగి నిలబడితే దిగిపోతుందని, ఎడమచెయ్యి గుంజుతుందని, రెండు నెలలుగా ఇంటికి చెప్పలేదని. వైద్యవిద్యార్థి కూడా గుర్తుపట్టగలిగిన వర్ణన అది. మర్నాడు ఇంటికి పంపే బదులు యాంజియోగ్రామ్‌కు పంపాం. రక్తనాళంలో అడ్డంకి కనిపించింది, తొలగించారు.

నిజామీ మొదట లైలా–మజ్నూ రాయడానికి వెనుకాడాడట. తోటలు లేవు, విందులు లేవు, ఉత్త ఎడారి. ఇందులో కవిత్వం ఏముంటుందని. కుమారుడు బతిమాలితే ఒప్పుకున్నాడు. ఆ ఎడారి మా కిటికీ అవతలే ఉంది. అందులో పనిచేసే లక్షలాది మంది రాత్రి పడుకునే ముందు తమతమ పల్లెటూరి భాషల్లో ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు.

సమీక్ష మళ్లీ మొదలుపెట్టాను. నిజామీ కావ్యాన్ని ‘గాథ’ అని రాస్తున్నాను. హాలుడి నాటి నుంచి జనభాషనూ ప్రేమనూ కలిపి మోసిన మాట మనకు అదే.